పీత కన్నంలో పసుపు చీమ

మీ ప్రశ్నను ముందు రెండు ముక్కల్లో చెప్పి మొదలుపెడతాను. కోనసీమలో మీ కొబ్బరితోట పక్కన పంటకాలవ గట్టు మీద ఒక పీత కన్నంలోంచి పొడుగు కాళ్ళ పసుపు చీమలు వస్తూ పోతూ కనిపించాయి. అంతకు వారం ముందే హిందూ మహాసముద్రంలోని క్రిస్మస్ ద్వీపంలో ఎర్రపీతలను చంపేసే చీమల వీడియో చూశారు. ఆ చీమ చూడటానికి ఎలా ఉంటుంది, గూడు ఎక్కడ పెడుతుంది, మా గట్టు మీద ఉన్నది అదేనా అని అడిగారు. "నిద్ర పట్టడం లేదు" అని కూడా రాశారు. ఇప్పటికిప్పుడు కంగారు పడాల్సిందేమీ లేదు, హాయిగా నిద్రపోండి. మిగతాది తీరిగ్గా చెబుతాను, ఎందుకంటే ఈ చీమ గూడు సంగతి ఒక్క మాటలో తేలేది కాదు.

నేను ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ఈ చీమను వెతికి నిర్మూలించే పనిలో ఎనిమిదేళ్ళు ఉన్నాను. ఆ మధ్యలో రెండుసార్లు క్రిస్మస్ ద్వీపం వెళ్ళి, అడవిలో లెక్కలు వేసే బృందంతో కొన్ని వారాలు తిరిగాను. శాస్త్రవేత్తను కాను. చీమలున్న చోట మోకాళ్ళ మీద కూర్చునే ఉద్యోగం నాది.

దీన్ని ఇంగ్లిషులో యెల్లో క్రేజీ యాంట్ అంటారు. తెలుగులో పసుపు పిచ్చి చీమ అనుకుందాం. శాస్త్రీయ నామం అనోప్లోలెపిస్ గ్రాసిలిపెస్. గ్రాసిలిపెస్ అంటే సన్నకాళ్ళది. ఆ పేరు పెట్టినవాడెవరో చూసీ చూడగానే పెట్టాడు, ఎందుకంటే మొదట కంటికి ఆనేది కాళ్ళే. ఒళ్ళు నాలుగైదు మిల్లీమీటర్లు మించదు. కానీ కాళ్ళూ మీసాలూ అంత సాగి ఉండటం వల్ల చీమ ఉన్నదానికంటే పెద్దదిగా, దాదాపు చిన్న సాలీడులా అనిపిస్తుంది. మీసంలో తలకు అతుక్కుని ఉండే మొదటి ముక్క ఒక్కటే తల పొడవుకు ఒకటిన్నర రెట్లకు పైన ఉంటుంది. ఆ తరవాత మోచెయ్యి మడిచినట్టు వంగుతుంది. కళ్ళు పెద్దవి, తల పక్కల నుంచి ఉబ్బెత్తుగా బయటికి కనిపిస్తాయి. మెడ దగ్గర ఛాతీ సన్నగా, లాగినట్టు ఉంటుంది.

రంగు విషయంలో పేరును పూర్తిగా నమ్మకండి. పసుపు అంటే పసుపుకొమ్ము రంగు కాదు. పలచటి బెల్లం పాకం రంగు, కొన్నిట్లో తేనె రంగు. తల, ఛాతీ, కాళ్ళు లేతగా ఉంటాయి, పొట్ట మాత్రం ముదురు గోధుమ రంగు. కడుపు నిండా తాగిన చీమకు పొట్ట మీది పలకలు ఒకదానికొకటి దూరం జరిగి, మధ్యలో లోపలి తేట కనిపించి, చారలు చారలుగా అవుతుంది. చెట్టు ఎక్కే చీమలకు పొట్ట నున్నగా, దిగే చీమలకు చారలుగా ఉంటే పైన ఏదో తియ్యటి వ్యవహారం నడుస్తోందని అర్థం. నాకు ఈ చిట్కా నేర్పినాయన మైక్రోస్కోప్ కంటే దీన్నే ఎక్కువ నమ్మేవాడు.

ఇంకో మంచి గుర్తు, పని చీమలన్నీ ఒకే సైజు. గండుచీమల్లోలాగా తలకాయ పెద్దదొకటి, చిన్నదొకటి ఉండవు. బారులో వంద చీమలున్నా ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. నడుము దగ్గర ఒకే ఒక బుడిపె, దాని మీద ముళ్ళేమీ ఉండవు. అనోప్లో అంటే ఆయుధం లేనిది అనే అర్థం వచ్చింది అందుకే. పేరు పెట్టినవాళ్ళకు పొట్ట చివరనున్న ఆయుధం అంతగా తట్టినట్టు లేదు. అక్కడ కొండి ఉండదు, వెంట్రుకలు చుట్టూ మొలిచిన చిన్న రంధ్రం ఉంటుంది. అందులోంచి ఫార్మిక్ యాసిడ్ చిమ్ముతుంది. కుట్టదు, గట్టిగా కరవదు. మన చర్మానికి పెద్దగా ఏమీ కాదు. నేను ఒకసారి దుంగ ఎత్తి మొహం దగ్గరగా పెట్టి చూశాను, కళ్ళు రెండూ భగ్గుమన్నాయి. అరగంట నీళ్ళు కొట్టుకుంటూ కూర్చున్నాను. ఆ తరవాత కళ్ళద్దాలు లేకుండా వంగలేదు.

పిచ్చి అన్న మాట నడకను బట్టి వచ్చింది. మామూలుగా ఆహారం మోసుకొచ్చే దారిలో ఇవి బుద్ధిగానే నడుస్తాయి. ఆ దారికి అడ్డంగా వేలితో గీత గీయండి, లేదా నేలను అరచేత్తో తట్టండి. ఒక్కసారిగా అన్ని వైపులకూ, ఒక దిక్కూ దెసా లేకుండా, ఆగి ఆగి తిరుగుతూ పరుగెడతాయి.

అయితే ఆ పరుగు ఒక్కదాన్నే చూసి తీర్పు ఇవ్వకూడదు. నా మొదటి వారంలో నేను చేసిన తప్పు అదే. ఒక షెడ్డు వెనక పిచ్చిగా తిరుగుతున్న చీమలను చూసి, దొరికింది అని ఉత్సాహంగా రిపోర్టు రాశాను. అది ప్రపంచంలో దాదాపు ప్రతి ఊళ్ళోనూ ఉండే నల్ల పిచ్చి చీమ, పారాట్రెకినా లాంగికార్నిస్. మన ఇళ్ళల్లో గోడ వెంట గజిబిజిగా తిరిగే సన్నటి నల్ల చీమ ఉంటుందే, అదే. అదీ పొడుగుకాళ్ళదే, కానీ పసుపు చీమలో సగం పైచిలుకు ఉంటుందంతే, రంగు నలుపు. మీ విషయంలో పొరపాటు పడే అవకాశం దీనితో తక్కువ, మామిడి చెట్ల మీద ఆకులు కలిపి కుట్టి గూడు కట్టే ఎర్రచీమతో ఎక్కువ. అదీ పొడుగు కాళ్ళతో, నారింజ రంగులో ఉంటుంది. కానీ అది ఇంకా పెద్దది, వాటిలో పెద్ద పనివాళ్ళు, చిన్న పనివాళ్ళు విడివిడిగా ఉంటారు, చెయ్యి పెడితే పట్టుకుని వదలదు. మైక్రోస్కోప్ అందుబాటులో ఉంటే మీసం ముక్కలు లెక్కపెట్టండి. పసుపు పిచ్చి చీమకు 11, మిగతా రెండింటికీ 12.

మన వైపు సంబంధం ఉన్న ముక్క ఒకటి చెప్పాలి. ఈ చీమను మొట్టమొదట శాస్త్రం దృష్టికి తెచ్చింది క్రిస్మస్ ద్వీపం నుంచి కాదు, దక్షిణ భారతం నుంచి. 1851లో థామస్ జెర్డన్ అనే సైనిక వైద్యుడు ఇక్కడి చీమల జాబితా అచ్చు వేస్తూ దీన్ని ఫార్మికా లాంగిపెస్ అన్నాడు, అంటే పొడుగుకాళ్ళ చీమ. నెల్లూరులో డాక్టరుగా పనిచేసినాయన. కలివికోడికి ఇంగ్లిషులో ఉన్న జెర్డన్స్ కోర్సర్ అన్న పేరు ఆయనదే. ఇక లేదనుకున్న ఆ పిట్ట 1986లో మళ్ళీ కడప జిల్లాలో దొరికితే పెద్ద వార్త అయింది. పిట్టకు జెర్డన్ పేరు నిలిచింది, చీమకు ఆయన పెట్టిన పేరు మాత్రం నిలవలేదు. లాంగిపెస్ అన్నది అప్పటికే వేరే చీమకు ఉందని తేలి, 1857లో ఫ్రెడరిక్ స్మిత్ పెట్టిన గ్రాసిలిపెస్ ఖాయమైంది. పాత పుస్తకాల్లో లాంగిపెస్ అని కనిపిస్తే కంగారు పడకండి, రెండూ ఒకటే. కాబట్టి మీ జిల్లాలో ఇది కనిపిస్తే ఆస్ట్రేలియా నుంచి ఓడెక్కి వచ్చిందేమో అనుకోనక్కర్లేదు. దక్షిణ భారతంలో ఉందని 170 ఏళ్ళ పైనుంచీ తెలుసు.

ఇప్పుడు గూడు. మీ ప్రశ్నలో "పుట్ట ఎలా ఉంటుంది" అని రాశారు. ఈ చీమకు పుట్ట అంటూ ఉండదు. నేల మీద మట్టి కుప్ప పొయ్యదు, చెట్టు మీద ఆకు కుట్టదు, చెక్క తొలవదు. ఎవరో చేసిపెట్టిన సందు, లేదా తనంతట తాను ఏర్పడిన సందు చూసుకుని దూరుతుంది. చీకటిగా, తడిగా ఉండి, ఎండ నేరుగా తగలకపోతే చాలు. చీమలు పెట్టిన పుట్టలో పాములు చేరినట్టు అని మనకు సామెత ఉంది కదా, ఈ చీమ దాన్ని తిరగేసింది. ఇక్కడ కష్టపడి తవ్వేది పీత, కాపురం పెట్టేది చీమ.

క్రిస్మస్ ద్వీపం జావాకు దక్షిణంగా దాదాపు 350 కిలోమీటర్ల దూరంలో ఉంది. పాలన ఆస్ట్రేలియాది. మొత్తం 135 చదరపు కిలోమీటర్లు, చాలా భాగం దట్టమైన వాన అడవి. నేల సున్నపురాయి, ఎక్కడ చూసినా పగుళ్ళు. ఆ అడవిలో ఎర్రపీత నేలపీత. ఒక్కో పీత తన బొరియ తానే తవ్వుకుంటుంది. ఎండాకాలమంతా అందులోనే తడి కాపాడుకుంటూ కూర్చుని, వానలు పడ్డాక సముద్రానికి బయలుదేరుతుంది. అంటే ఆ అడవి నేల నిండా సిద్ధంగా ఉన్న, చల్లటి, తేమ గదులు. గూడు కట్టడం రాని చీమకు ఇంతకంటే ఏం కావాలి? చీమలు లోపలికి దూరి, ఉన్న పీత మీద యాసిడ్ చిమ్ముతాయి. కళ్ళ మీద, కాళ్ళ కీళ్ళ దగ్గర పడుతుంది. పీతకు చూపు పోతుంది, నోటి దగ్గర నురగ వస్తుంది, ఒకటి రెండు రోజుల్లో చస్తుంది. బొరియ ఖాళీ. చీమలు గుడ్లూ లార్వాలూ తెచ్చుకుని అందులో దిగుతాయి.

బొరియ ఒక్కటే అనుకోకండి. ఆ ద్వీపంలో మాత్రమే పెరిగే అరెంగా లిస్టెరి అనే తాటిజాతి చెట్టు ఒకటుంది. దాని మట్ట ఒకటి ఎండి కింద పడి ఉంటే, మొదటి రోజున నాతో వచ్చినావిడ కాలి బూటుతో దాన్ని అటు తిప్పింది. మట్ట కింది దొన్నెలాంటి చోట నేల కనపడలేదు. రంగు కదులుతోంది. మధ్యలో బియ్యపు గింజల్లాంటి తెల్లటి ప్యూపాలు, అంటే చీమగా మారే ముందు దశలోనివి, గుట్టగా ఉన్నాయి, వాటి పక్కన పని చీమలకు రెండింతలు ఉండే ముదురు గోధుమ రంగు రాణులు. నేను ఆరు లెక్కపెట్టాను, ఇంకా ఉన్నాయి. మేం చూస్తుండగానే ప్రతి చీమా ఒక గింజను నోట కరుచుకుని పరుగు మొదలుపెట్టింది. పది నిమిషాల్లో ఆ చోటు ఖాళీ. సొరంగం లేదు, గదులు లేవు, తలుపు లేదు. పడిన మట్ట కింద జాగా దొరికింది కాబట్టి ఉన్నాయి. తిప్పాం కాబట్టి పోయాయి.

అలా చూసిన గూళ్ళు చెట్టు వేళ్ళ మధ్య సందుల్లో, పుచ్చిన దుంగల్లో, రాళ్ళ కింద, రాలిన ఆకుల మందపాటి పొరలో, చెట్టు తొర్రల్లో, కొమ్మల మీద పెరిగే బుట్టలాంటి ఫెర్న్ మొక్కల మొదళ్ళలో ఉన్నాయి. క్వీన్స్‌లాండ్‌లో అయితే పూలకుండీ అడుగు రంధ్రం, డ్రిప్ పైపు పెట్టె, ప్లాస్టిక్ తార్పాలిన్ మడత, పక్కన పారేసిన టైరు. ఒకసారి కారు డిక్కీలో స్పేర్ వీలు కింద దొరికాయి. ఆ కారు నాదే. వెదురు ఉన్నచోట విరిగిన వెదురు బొంగు లోపల, కొబ్బరి ఉన్నచోట మొదట్లో చెత్త కింద, మొవ్వులో మట్టల సందుల్లో చూడాలి. హిందూ మహాసముద్రంలోని సీషెల్స్ దీవుల్లో 1970ల్లో దీని మీద చాలా పరిశీలన జరిగింది. అక్కడ కూడా ఇవే చోట్లు.

గూళ్ళ మధ్య గోడ లేకపోవడం ఇంకా పెద్ద సంగతి. మామూలు చీమల్లో పక్క పుట్టవాడు శత్రువు. వాసన తేడా తెలియగానే కొట్టుకు చస్తాయి. అందువల్లే ఏ పుట్టా హద్దు మీరి పెరగదు. ఈ చీమల్లో ఒక గూటిది ఇంకో గూటికి పోయినా ఎవరూ అడగరు. ఒక్కో గూటిలో ఎందరో రాణులు. కొత్త గూడు పెట్టడానికి రాణి రెక్కలు కట్టుకుని ఆకాశంలోకి ఎగరడం చాలా అరుదు. కొందరు పని చీమలను వెంటబెట్టుకుని నడిచి, పక్కనున్న సందులో దిగిపోతుంది. కొడుకు వేరు పడి పక్క వీధిలో ఇల్లు తీసుకున్నట్టు, రాకపోకలు మాత్రం యథాప్రకారం. అలా పక్కపక్కనే పెరిగి వందల హెక్టార్ల అడవి ఒకే కుటుంబమైపోతుంది. దాన్నే సూపర్‌కాలనీ అంటారు. అలాంటి చోట చదరపు మీటరు నేల మీద రెండు వేలకు పైగా చీమలు తిరుగుతూ ఉన్నట్టు, పది దాకా గూటి ద్వారాలు ఉన్నట్టు లెక్కలున్నాయి. అక్కడ నిలబడితే నేల మీద ఎండ వేడికి గాలి వణికినట్టుగా ఉంటుంది. ఒక్క చోట రెండు నిమిషాలు ఆగితే మోకాళ్ళ దాకా ఎక్కేస్తాయి. రాత్రీ పగలూ తేడా లేదు. బాగా ఎండ కాసినప్పుడు, గట్టి వాన పడినప్పుడు మాత్రం కాస్త తగ్గుతాయి.

గూడు దొరకదు కాబట్టి అక్కడ గూడు లెక్కపెట్టరు. నేల మీద చిన్న తెల్ల కార్డు పెట్టి, ముప్పై సెకన్లలో దాని మీదుగా ఎన్ని చీమలు పోయాయో చూస్తారు. అయిదు మీటర్లు ముందుకు జరిగి మళ్ళీ ఒకటి. అలా యాభై మీటర్ల గీత. అదే గీత వెంట తిరిగి వస్తూ పీత బొరియలు లెక్కపెడతారు. 2001 నుంచి రెండేళ్ళకోసారి ద్వీపమంతా ఇలా నడుస్తారు. చీమల లెక్క పెరిగిన చోట బొరియల లెక్క సున్నాకు పడిపోతుంది. నేను నడిచిన ఒక గీత మీద బొరియలు కనిపించాయి, ఆనందపడ్డాను. వంగి చూస్తే అన్నిటి అంచులా చీమలే. వాటిని లెక్కలో వెయ్యాలా వద్దా అని మాలో మేం వాదించుకున్నాం. పీత ఉన్న ఆనవాలు ఉంటేనే వెయ్యాలని చివరికి తేల్చారు.

ఈ చీమ ద్వీపానికి వచ్చి చాలా కాలమే అయింది. 1934లో మొదటిసారి నమోదైంది. తరవాత అర్ధ శతాబ్దం పైన ఎవరికీ పట్టలేదు. మొదటి సూపర్‌కాలనీ కనిపించింది 1989లో. ఆ తరవాత పదేళ్ళు తిరిగేసరికి పరిస్థితి చేయి దాటింది, 2002 నాటికి దాదాపు 2,500 హెక్టార్ల అడవి వీటి కింద ఉంది. చచ్చిన పీతలు కోటికి పైనే ఉంటాయని అంచనా. ఇంతకాలం ఊరికే ఉన్న చీమ ఒక్కసారి ఎందుకు చెలరేగింది అంటే, జవాబు చెట్ల మీద ఉంది. చెట్లకు రసం పీల్చే పొలుసు పురుగులు పట్టాయి. వాటిలో ముఖ్యమైనది టాకార్డినా ఆరాంటియాకా, మన లక్క పురుగు కుటుంబానిదే. అది కూడా బయటి నుంచి వచ్చినదే. పిండినల్లి పట్టిన మొక్క మీద తియ్యటి జిగురు కారుతుంది కదా, అలాంటి తేనెబంకే ఇదీ వదులుతుంది. చీమలకు అదే తిండి. తిండి పెట్టే పురుగుకు చీమలు కాపలా కాస్తాయి. పురుగు పెరిగితే చీమ పెరుగుతుంది, చీమ పెరిగితే పురుగు పెరుగుతుంది. జిగురు పడిన ఆకుల మీద మసి తెగులు పట్టి, కొమ్మలు ఎండిపోతాయి. కింద పీతలు లేవు కాబట్టి రాలిన ఆకులు తినేవాళ్ళు లేరు, మొలకలు తినేవాళ్ళు లేరు. ఖాళీగా, ఊడ్చినట్టుండే ఆ అడవి నేల మీద చెత్త పేరుకుని, మొక్కలు గుబురుగా లేచాయి. ఆఫ్రికా పెద్దనత్త కూడా పీతలు లేని చోటనే లోపలికి చొరబడింది.

గూడు తవ్వి చంపడం కుదరని చీమ కాబట్టి ఎర ఒక్కటే మార్గం అయింది. 2002లో హెలికాప్టర్ నుంచి ఫిప్రోనిల్ అనే పురుగుమందు, చేపపొడి కలిపిన గుళికలు చల్లారు. పని చీమలే దాన్ని మోసుకెళ్ళి రాణులకు తినిపించాయి. చల్లిన చోట్ల చీమలు 99 శాతం దాకా తగ్గాయి. కానీ పీతలకు కూడా ఆ గుళికలంటే ఇష్టమే, కొబ్బరిపీతలను వేరే తిండి చూపి పక్కకు మళ్ళించాల్సి వచ్చింది. మందు పోసిన కొన్నేళ్ళకు చీమలు మళ్ళీ పుంజుకునేవి. 2009లో, 2012లో మళ్ళీ హెలికాప్టర్లు ఎగిరాయి. చివరికి చీమను వదిలేసి దాని వంటింటి మీద పడ్డారు. ఆస్ట్రేలియాలోని లా ట్రోబ్ విశ్వవిద్యాలయం వాళ్ళు మలేసియా నుంచి టాకార్డియెఫాగస్ సోమర్‌విల్లీ అనే రెండు మిల్లీమీటర్ల కందిరీగను తెచ్చారు. అది ఆ లక్క పురుగు ఒంట్లో గుడ్డు పెడుతుంది. 2016 డిసెంబరులో వదిలారు, అక్కడ నిలదొక్కుకుని వ్యాపించింది. నాకు మాత్రం ఇదే సరైన దారి అనిపిస్తుంది. ఇల్లు లేనివాడిని ఇంటి మీద దాడి చేసి ఓడించలేం, అన్నం ఎక్కడిదో చూడాలి.

గూటి సంగతి చెబుతూ మగచీమ గురించి చెప్పకపోతే నాకు తోచదు. 2023లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం ఈ జాతిలో రెండు వంశాలున్నాయి. రాణులన్నీ ఒక వంశానివే. పని చీమలన్నీ రెండు వంశాల సంకరం. మగచీమల ఒంట్లో మాత్రం కొన్ని కణాలు అచ్చంగా ఒక వంశానివి, మిగతావి అచ్చంగా ఇంకో వంశానివి, కలవకుండా పక్కపక్కనే ఉంటాయి. గుడ్డులో తల్లి కేంద్రకం, తండ్రి కేంద్రకం కలవకుండా విడివిడిగానే విభజన చెందితే అలా పుడతాయి. మిగతా చీమల్లో ఫలదీకరణ లేని గుడ్డు నుంచి మగది పుడుతుందని చదువుకున్నాం. ఈ చీమ అక్కడా తేడానే.

ఇక మీ గట్టు సంగతి. పీత కన్నంలోంచి చీమలు రావడం ఒక్కటే చూసి ఏమీ తేల్చలేం. తేమగా ఉన్న కన్నమంటే చాలా చీమలకు ఇష్టమే, పీత వదిలేసిన పాత కన్నమైతే మరీనూ. సాయంత్రం ఎండ తగ్గాక వెళ్ళి ఈ పనులు చెయ్యండి. ముందు కన్నానికి ఓ అడుగు దూరంలో తెల్ల కాగితం పెట్టి, మధ్యలో బెల్లం నీళ్ళు రెండు చుక్కలు, పక్కన ఎండుచేప ముక్క పెట్టండి. చీమలు చేరాక దగ్గరగా, పక్కనుంచి ఫోటో తియ్యండి. పైనుంచి తీస్తే నడుము కనపడదు, రంగు కూడా మోసం చేస్తుంది. పక్కన ఒక స్కేలు పెడితే ఇంకా మంచిది. అన్నీ ఒకే సైజులో ఉన్నాయా, నేల తడితే ఎలా పరుగెత్తాయి, రెండూ రాయండి. తరవాత చుట్టూ పది మీటర్లలో పడిపోయిన కొబ్బరి మట్టలు, డొక్కలు, పాత గోనెసంచులు తిప్పి చూడండి. అది పసుపు పిచ్చి చీమే అయితే ఒక్క కన్నంలోనే ఉండదు, నాలుగైదు చోట్ల రాణులతో సహా దొరుకుతుంది. తిప్పేటప్పుడు మొహం దూరంగా పెట్టుకోండి.

కన్నంలో కిరసనాయిలు పోయడం, పొడి మందు చల్లడం వద్దు. పైన తిరిగే కొన్ని చస్తాయి, మిగతావి ప్యూపాలను నోట కరుచుకుని పక్క మట్ట కిందికి మారతాయి, ఒక గూడు మూడవుతుంది. కాలవ నీళ్ళలో మందు కలవడం అదనపు తలనొప్పి. దానికంటే కొబ్బరి ఆకుల అడుగున, పక్కనున్న జామ, సీతాఫలం మీద పిండినల్లి, పొలుసు పురుగు ఎంత ఉందో చూడండి. అదుంటే దాని పని పట్టండి. మొదళ్ళ దగ్గర చెత్త తీసి ఎండ తగిలేలా చెయ్యండి. నర్సరీ నుంచి తెచ్చిన మొక్కలను కుండీ అడుగు చూసి మరీ దించుకోండి, అరుదుగా తప్ప ఎగరని ఈ చీమ ఊళ్ళు దాటేది మన బండ్ల మీదే.

పూర్తిగా కొట్టిపారేసే విషయం కూడా కాదు. 2022లో తమిళనాడులో దిండిగల్ జిల్లా కరంతమలై అడవి అంచున ఉన్న పల్లెల్లో ఈ చీమలు పశువుల కళ్ళ మీద పడుతున్నాయని, మేకలను అడవిలోకి తోలలేకపోతున్నామని రైతులు మొత్తుకుంటే పత్రికల్లో వచ్చింది. మీ తోటలో కాగితం మీదికి పది నిమిషాల్లో వందల్లో చేరితే, కన్నాల్లో చచ్చిన పీతలు కనిపిస్తే, దూడల కళ్ళు వాచి నీరు కారుతుంటే ఆలస్యం చెయ్యకుండా దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించండి. నాలుగు చీమలను చిన్న సీసాలో స్పిరిట్ పోసి పట్టుకెళ్ళండి, ఫోటో కంటే అది నయం.

ఆ కన్నంలో పీత ఇంకా ఉందో లేదో మీరు రాయలేదు. కన్నం నోటి దగ్గర తడి మట్టి ఉండలు తాజాగా ఉంటే పీత లోపలే ఉన్నట్టు. రేపు పొద్దున్నే చూసి, చీమల ఫోటోతో పాటు ఆ సంగతి కూడా పెట్టండి.